గ్రాంటుకు పద్దు ఉండొద్దూ?

లెక్క అడగడం మన ఆడవాళ్లకు కొత్తేం కాదు. పాలవాడు రాని రోజున కేలెండరు మీద సున్న చుట్టి పెడతాం. చాకలి పద్దులో ఒక్క తువ్వాలు తగ్గినా పట్టుకుంటాం. కిరాణా కొట్టు చీటీని రెండుసార్లు కూడి చూస్తే గాని డబ్బులివ్వం. అదే, సర్కారు వారు ఒక మహిళా సంఘానికో, అనాథాశ్రమానికో ఇచ్చిన గ్రాంటు ఏమైందీ అంటే మాత్రం "అవన్నీ పెద్దవాళ్ల వ్యవహారాలు, మనకెందుకమ్మా" అని ఊరుకుంటాం. ఆ సొమ్ము మాత్రం మనది కాదా?

మేముండే జ్యోతినగర్ థర్మల్ స్టేషన్ వారి కాలనీ. 1978లో మొరార్జీ దేశాయ్ గారు శంకుస్థాపన చేసిన స్టేషన్ అది. పక్కనే గోదావరిఖని, సింగరేణి బొగ్గుబాయిలు. మగవాళ్లు షిఫ్టులకు వెళ్లిపోతే ఆడవాళ్లు నలుగురూ చేరి కుట్టుపనికని, చదువుకని సంఘం పెట్టుకోవడం ఇక్కడ మామూలే. అలాంటి ఒక చిన్న సంఘానికి నేను కొన్నేళ్లు లెక్కలు రాశాను. ఒకసారి కుట్టుమిషన్లకు గ్రాంటు వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఒక ఫారం కూడా వచ్చింది. ఇచ్చిన సొమ్ము ఇచ్చిన పనికే ఖర్చయిందని రాసి, ఆడిటరు చేత సంతకం పెట్టించి పంపాలట. పంపాం. దాని పేరు యుటిలైజేషన్ సర్టిఫికెట్. అంతే! ఆ మిషన్లు తిరుగుతున్నాయా, ఎందరు రవిక కుట్టడం నేర్చుకున్నారు అని అడిగిన నాథుడు లేడు. సొమ్ము పుచ్చుకున్నవాళ్లే "ఖర్చు పెట్టాం" అని రాసిస్తే తీరిపోయే లెక్క ఏం లెక్కండీ? ఇదెప్పటి ఆచారమో చూద్దామని పాత సంగతులు కొంత తిరగేశాను.

చూస్తే మొదట్లో ఇలా లేదు. 1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యా తాఖీదుతో మన దేశంలో ప్రైవేటు బడులకు "గ్రాంట్ ఇన్ ఎయిడ్" పద్ధతి వచ్చింది. పిల్లల దగ్గర కొంచెమైనా ఫీజు తీసుకోవాలి, సర్కారు తనిఖీకి ఒప్పుకోవాలి అన్నవి అందులో ముఖ్యమైన షరతులు. అంటే కాగితం సరిపోదు, మనిషి వచ్చి చూడాలన్నమాట. (ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున బడికి సున్నం కొట్టించి, పిల్లలకు తలకు నూనె రాయించడం ఎప్పటినుంచో ఉన్నదే. అయినా ఏడాదికొకసారైనా సున్నం పడింది కదా!) ఆ తర్వాత 1860లో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. అది సంఘాలను ఏటా అడిగింది కార్యవర్గం పేర్ల జాబితా. మా ప్రాంతం అప్పుడు నిజాం ఏలుబడి, ఇక్కడ 1350 ఫసలీ నాటి చట్టం వేరే ఉండేది. ఈ రెంటికీ బదులుగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకే చట్టం వచ్చేసరికి 2001 అయింది.

ఈ కథలో అసలు చెప్పుకోవలసింది మన తెలుగింటి ఆడపడుచు గురించి. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. అక్కడి ఖద్దరు ప్రదర్శన వాకిట్లో వలంటీరుగా నిలబడింది పద్నాలుగేళ్ల దుర్గాబాయి. టికెట్ లేనివాళ్లను లోపలికి వదలొద్దన్నారు పెద్దలు. వచ్చినవాడు జవహర్‌లాల్ నెహ్రూ! చేతిలో టికెట్ లేదు. ఆపేసింది. నిర్వాహకులు కోప్పడితే, మీరు చెప్పిందే చేశానంది. వాళ్లు టికెట్ తెచ్చి ఇచ్చాకే నెహ్రూ లోపలికి వెళ్లాడు, ఆ పిల్లను మెచ్చుకున్నాడు కూడా.

ముప్పై ఏళ్లు గడిచాయి. 1953 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వం కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టి, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని తొలి అధ్యక్షురాలిని చేసింది. స్వచ్ఛంద సంస్థలకు పంచడానికి మొదటి ప్రణాళికలో 4 కోట్లు. ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ ఆవిడ భర్తే. ఇంట్లోనే ఖజానా ఉందని లోకం అనుకోవచ్చు గానీ, డబ్బు ఊరికే ఇవ్వలేదు. మీరూ కొంత వేసుకోండి, మేమూ కొంత ఇస్తాం అన్న పద్ధతి పెట్టారు. రాష్ట్రాల్లోనూ బోర్డులు వెలిశాయి, వాటిలో ఎక్కువమంది ఆడవాళ్లే. దుర్గాబాయి గారికి రెండు వైపులా తెలుసు. 1937లో ఆంధ్ర మహిళా సభను పెట్టి, చందాలతో సంస్థ నడపడంలోని కష్టం స్వయంగా పడ్డ మనిషి. అనుమానంతో అడిగే లెక్క వేరు, ఆప్యాయంగా అడిగే లెక్క వేరు అని ఆవిడకు ఒకరు చెప్పాలా?

కానీ సంస్థలు పెరిగాయి, చూసే కళ్లు పెరగలేదు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌కు 1971 నాటి చట్టం అధికారం ఇచ్చింది నిజమే. అయితే గ్రాంటు ఏడాదికి 25 లక్షలకు తగ్గకూడదు, ఆ సంస్థ ఖర్చులో ముప్పాతిక వంతుకూ తగ్గకూడదు. అప్పుడే మామూలుగా ఆ సంస్థ పద్దు వాళ్లు నేరుగా చూసేది. మా కుట్టుమిషన్లు ఆ జల్లెడలో ఎక్కడ నిలుస్తాయి? ఆ చట్టంలోనే ఇంకో మాట నాకు నచ్చింది. ఫలానా పనికని గ్రాంటు ఇచ్చిన ఆఫీసు, ఆ పని జరిగిందని ఏ పద్ధతిలో తేల్చుకుందో కూడా ఆడిట్ వారు పరిశీలించాలట. అంటే పుచ్చుకున్నవాళ్లనే కాదు, ఇచ్చినవాళ్లనూ అడగాలి. 2017 జనవరిలో సుప్రీంకోర్టులో ఈ గొడవ విచారణకు వచ్చేనాటికి, దేశంలో సుమారు 30 లక్షల సంఘాలుంటే లెక్కలు దాఖలు చేసినవి పదోవంతు కూడా లేవని సి.బి.ఐ. చెప్పింది. ప్రజాధనం తీసుకున్నవాటికి ఆడిట్ జరిపించమని కోర్టు ఆదేశించింది.

ఈలోగా మన దగ్గరే ఒక మంచి పని జరిగింది. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైన జిల్లాల్లో మా కరీంనగర్ ఒకటి. దానికి తోడు సామాజిక తనిఖీ వచ్చింది. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలే ఇంటింటికీ వెళ్లి, "నీకు ఎన్ని రోజుల కూలి ముట్టిందవ్వా?" అని అడిగి, కాగితంలో ఉన్నదాంతో సరిచూసి, మండలంలో పదిమంది ముందూ చదవడం. 2009లో దీనికోసం ప్రత్యేకంగా పెట్టిన సంస్థ కూడా సర్కారు డబ్బుతో నడిచే సొసైటీయే. ఊళ్లో లెక్కలు అడిగేవాళ్ల లెక్క ఎవరు అడగాలి అని మా అత్తగారు అడిగితే నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

ఆ జవాబు 2005 నాటి సమాచార హక్కు చట్టంలో ఉంది. సర్కారు సొమ్ముతో గణనీయంగా నడిచే స్వచ్ఛంద సంస్థలూ అందులోకి వస్తాయి. గణనీయం అంటే సగానికి మించే ఉండాలని లేదని 2019 సెప్టెంబరులో ఒక కాలేజీ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దరఖాస్తుకు గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు. మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్లకాగితం మీద తెలుగులో రాసినా చాలు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

మొన్న ఖనిలో ఉండే ఒకావిడ తమ వాడలోని సంఘం గ్రాంటు గురించి అలాగే రాసి పెట్టింది. బాయి పని చేసి రిటైరైన మనిషి భార్య, చదువు ఏడో తరగతి. "ఏం రాశావమ్మా?" అన్నాను. "మిషన్లు ఎన్ని కొన్నరు, ఇప్పుడు ఎవరింట్ల ఉన్నయి అని రాసిన" అంది.