కనుమరుగయ్యే ముందు ఒక దేశం రాసిన ఉత్తర్వు

1990 సెప్టెంబరు 12. ఆ రోజు అందరి చూపూ మాస్కో మీదే. రెండు జర్మనీలు ఒకటి కావడానికి నాలుగు అగ్రరాజ్యాలు ఒప్పుకుంటూ అక్కడ సంతకాలు చేస్తున్నాయి. తూర్పు జర్మనీ తరఫున సంతకం పెట్టడానికి ప్రధాని లోథార్ ద మెజియేర్ కూడా అక్కడికే వెళ్లారు. అదే రోజు తూర్పు బెర్లిన్‌లో ఆయన మంత్రిమండలి సమావేశమై 14 రక్షిత ప్రాంతాలకు ఆమోదముద్ర వేసింది. అయిదు జాతీయ పార్కులు, ఆరు బయోస్ఫియర్ రిజర్వులు, మూడు ప్రకృతి పార్కులు. అన్నీ కలిపితే దేశ విస్తీర్ణంలో సుమారు నాలుగున్నర శాతం. ఇంకో మూడు వారాల్లో ఆ ప్రభుత్వమూ ఉండదు, ఆ దేశమూ ఉండదు.

జాతీయ పార్కులకు చిక్కు లేదు. ఉత్తర్వులు నిలబడాల్సింది పశ్చిమ జర్మనీ 1976లో చేసుకున్న ప్రకృతి పరిరక్షణ చట్టం, అందులో జాతీయ పార్కుకు సెక్షన్ ఉంది. బయోస్ఫియర్ రిజర్వు అనే మాటే ఆ చట్టంలో లేదు. చట్టం ఎరగని పేరుతో ఉత్తర్వు ఇస్తే రేపు కోర్టులో ఎవరైనా సవాలు చేయవచ్చు.

బయోస్ఫియర్ రిజర్వు యునెస్కో ఆలోచన. 1971లో మొదలైన ‘మనిషి, జీవావరణం’ కార్యక్రమం నుంచి పుట్టింది. మొదటి రిజర్వులను 1976లో గుర్తించారు. కంచె వేసి మనుషుల్ని బయటికి పంపడం దీని పద్ధతి కాదు. మధ్యలో చెయ్యి పెట్టకూడని భాగం, దాని చుట్టూ జాగ్రత్తగా వాడుకునే భాగం, ఆపైన ఊళ్లు, పొలాలు, పశువులు. ఎంత మంచి ఆలోచనైనా యునెస్కో నుంచి వచ్చేది గుర్తింపు మాత్రమే. నేల మీద అధికారమంతా ఆయా దేశాలదే. తూర్పు జర్మనీలోనే ఫెస్సర్టాల్, స్టెక్బీ-లోడెరిట్జ్ అనే రెండు చోట్లకు 1979లోనే ఆ గుర్తింపు దక్కింది. కానీ చెట్టు కొట్టేవాడిని ఆపాలంటే దేశపు చట్టంలో మాట ఉండాలి.

ఆ మాట కోసం పరుగు పెట్టినవారిలో ముందు చెప్పుకోవలసింది మిఖాయెల్ జుకో గురించి. ఆయన పీట్ చిత్తడి నేలల శాస్త్రవేత్త. 1968లో చెకొస్లొవేకియాలో వచ్చిన ‘ప్రాగ్ వసంతం’ సంస్కరణల పట్ల సానుభూతి చూపినందుకు విశ్వవిద్యాలయం వదులుకోవలసి వచ్చింది. తర్వాత కొన్నేళ్లు పనిచేసింది నేలల్ని ‘బాగుచేసే’ ప్రభుత్వ సంస్థలో. తాను ప్రేమించిన చిత్తడి నేలల్లో నీళ్లు తోడి సాగులోకి తెచ్చే పని అది! బెర్లిన్ గోడ కూలిన రెండు నెలలకు, 1990 జనవరిలో, ఆయన పర్యావరణ శాఖ ఉపమంత్రి అయ్యారు. హాన్స్ డీటర్ క్నాప్, లెబ్రెక్ట్ యెష్కె వంటి సహచరులు వెంట ఉన్నారు. ఏ అడవి విలువ ఏమిటో, ఏ సరస్సు గట్టున ఏముందో వాళ్లకు కొట్టినపిండి.

కాలం కూడా కలిసొచ్చింది. హోనెకర్ వంటి తూర్పు జర్మనీ నాయకులు వేటాడిన షోర్ఫ్‌హైడె అడవులు, సైన్యం శిక్షణ మైదానాలు, దశాబ్దాలుగా సామాన్యుల అడుగు పడని సరిహద్దు పట్టీ, అన్నిటి మీదా పాత పట్టు ఒక్కసారిగా సడలింది. వాటిని కొనేవాళ్లు వచ్చేలోపు గీత గీయాలి. మార్చిలో తాత్కాలిక రక్షణకు అనుమతి వచ్చింది. మేలో జుకో పదవి వదిలేశారు, పని మాత్రం ఆగలేదు. పశ్చిమ జర్మనీ రాజధాని బాన్ నుంచి వచ్చిన న్యాయాధికారి ఆర్నుల్ఫ్ ముల్లర్-హెల్మ్‌బ్రెక్ట్ ఆ ముసాయిదాలను చట్టం ముందు నిలబడేలా తీర్చిదిద్దే బాధ్యత తీసుకున్నారు.

ఆ ఉత్తర్వుల పేర్లు చూస్తే చాలు, ఎంత ఆలోచించారో తెలుస్తుంది. జాతీయ పార్కు ఉత్తర్వు సూటిగా ‘ఫలానా జాతీయ పార్కు ఏర్పాటు’ అంటుంది. షోర్ఫ్‌హైడె-ఖోరిన్ ఉత్తర్వు పేరు మాత్రం చాంతాడంత. కొన్ని ప్రకృతి రక్షిత ప్రాంతాలను, ఒక భూదృశ్య రక్షిత ప్రాంతాన్ని ఏర్పాటు చేస్తున్నామనీ, వాటన్నిటికీ కలిపి ‘బయోస్ఫియర్ రిజర్వు’ అని పేరు పెడుతున్నామనీ అందులో ఉంది. ఆ రెండు రకాల ప్రాంతాలూ పశ్చిమ జర్మనీ చట్టంలో ఉన్నవే. ఉన్న ఇటుకలతోనే లేని గది కట్టేశారు. ఈ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

ఇంకో గండం మిగిలింది. విలీన ఒప్పందం మీద ఆగస్టు 31నే సంతకాలు అయిపోయాయి. అప్పటికి ఈ ఉత్తర్వులు లేవు కనుక అందులో చోటు లేదు. సెప్టెంబరు 18న కుదిరిన అనుబంధ ఒప్పందంలో వాటిని చేర్చి గట్టెక్కించారు. అక్టోబరు 1న అమల్లోకి వచ్చాయి. 3వ తేదీన దేశం లేదు.

పశ్చిమం నుంచి వచ్చిన ఆ చట్టం కళ్లు తెరవడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. 1998 సవరణతో బయోస్ఫియర్ రిజర్వుకు జర్మనీ జాతీయ చట్టంలో సొంత సెక్షన్ వచ్చింది. ఇప్పుడది 25వ సెక్షన్. రిజర్వులో ముఖ్యభాగం ప్రకృతి రక్షిత ప్రాంతానికి తగినట్టు, మిగతాది ఎక్కువగా భూదృశ్య రక్షిత ప్రాంతానికి తగినట్టు ఉండాలని అందులో రాశారు. 1990లో చేసిన సర్దుబాటే చట్టమై కూర్చుందని నా నమ్మకం. అంతటితో ఆగలేదు. తరతరాల సాగుతో రూపుదిద్దుకున్న నేలను, ఆ నేల మీద పెంచిన పాత పంటలను, పశుజాతులను కూడా కాపాడాలంటుంది ఆ సెక్షన్. అంటే ఈ రిజర్వుల్లోని ష్ప్రేవాల్డ్ కాలువల్లో పడవ మీద పొలానికి వెళ్లే రైతూ, ర్యోన్ కొండల మీద గొర్రెలు మేపే కాపరీ చట్టం దృష్టిలో రక్షణలో భాగస్వాములు. ఆ గొర్రెలు మేయడం మానేస్తే ర్యోన్ పచ్చికబయళ్లను తుప్పలు కమ్మేస్తాయి.

మన దేశంలో 1986లో నీలగిరితో మొదలుపెట్టి 18 బయోస్ఫియర్ రిజర్వులు ప్రకటించారు. తిరుమల కొండల్ని కలుపుకొని ఉన్న శేషాచలం 2010లో వచ్చింది. అందులోని శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కుకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అండ ఉంది. రిజర్వు అడవులకు అటవీ చట్టం ఉంది. బయోస్ఫియర్ రిజర్వు అనే హోదాకు మాత్రం వన్యప్రాణి చట్టంలో ఒక్క సెక్షనూ లేదు. దాంతో ఎర్రచందనం అడవికీ, దాని అంచున సాగుచేసుకునే ఊరికీ ఉన్న సంబంధాన్ని ఒకటిగా చూసే చట్టం లేకుండా పోయింది.

చోటు కల్పించడం మనకు చేతకానిది కాదు. పులుల ప్రాజెక్టు 1973లో మొదలైంది. టైగర్ రిజర్వు అనే మాట చట్టంలోకి ఎక్కింది 2006లో, అదీ రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులే మిగల్లేదని తేలిన తర్వాత. ఆ సవరణే టైగర్ రిజర్వులకు కోర్, బఫర్ హద్దులను, ప్రణాళికను, జాతీయ ప్రాధికార సంస్థను ఇచ్చింది. శేషాచలానికీ, నీలగిరికీ అలాంటి సెక్షన్ ఇవ్వడానికి అక్కడ సరిస్కాలో జరిగినట్టు ఇక్కడా ఏదో ఒకటి పోయేదాకా ఆగనక్కర్లేదు.