ఒకే సీమ, రెండు పంథాలు: తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి తొలి జీవితాలు – భావభేదాలు

వ్యాససంగ్రహం:
తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి ఇద్దరూ 1917లో రాయలసీమలో జన్మించారు. ఒకే పార్టీలో ఎదిగి, 1968లో కలిసి దాని నుంచి బయటికి వచ్చి, 1971 నాటికి విడిపోయారు. ఈ విభేదానికి మూలం వారి పుట్టుకలో కాక, 1969 తరువాతి ఉద్యమానుభవంలోనూ, తెలంగాణ సాయుధ పోరాటాన్ని వారు అర్థం చేసుకున్న తీరులోనూ ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రాయలసీమ, నంద్యాల, వెలుగోడు, తరిమెల, వ్యవసాయ విప్లవం, సాయుధ ప్రతిఘటన.

1. ప్రాంతీయ నేపథ్యం

నల్లమల పడమటి అంచున వెలుగోడు, నంద్యాల, ఆళ్లగడ్డ ఉత్తరం నుంచి దక్షిణానికి వరుసగా కనిపిస్తాయి. 1800లో నిజాం ఆంగ్లేయులకు అప్పగించిన దత్తమండలాలలో ఇదొక భాగం. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు ఈ మండలాలకు ‘రాయలసీమ’ అనే పేరును ప్రతిపాదించారు. నాగిరెడ్డి, పుల్లారెడ్డి బాల్యం గడిచింది ఈ ప్రాంతీయ చైతన్యం రూపుదిద్దుకొంటున్న కాలంలోనే.

2. తొలి జీవితాలు

నాగిరెడ్డి అనంతపురం జిల్లా తరిమెలలో సంపన్న భూస్వామ్య కుటుంబంలో జన్మించారు. ఋషివ్యాలీ పాఠశాలలోనూ, మద్రాసు లయోలా కళాశాలలోనూ, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ చదివారు. విద్యార్థి దశలోనే మార్క్సిజం వైపు మొగ్గారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధపు ఆర్థిక ప్రభావాలపై వెలువడిన పుస్తకం కారణంగా ఆయనా, అదే ఊరివాడైన విద్వాన్ విశ్వం జైలుశిక్ష అనుభవించారు. ఆర్థిక విశ్లేషణ నుంచి రాజకీయ నిర్ణయానికి వచ్చే పద్ధతి ఆయనలో అప్పటికే కనిపిస్తుంది.

పుల్లారెడ్డి నేటి నంద్యాల జిల్లాలోని వెలుగోడులో రైతు కుటుంబంలో పుట్టారు. యువకుడిగానే కమ్యూనిస్టు ఉద్యమంలో చేరి, నిర్మాణ బాధ్యతల ద్వారా నాయకత్వ స్థానానికి ఎదిగారు.

కుటుంబ నేపథ్యమే భావజాలాన్ని నిర్ణయిస్తుందన్న సూత్రం ఇక్కడ నిలవదు. నాగిరెడ్డి సోదరి నాగరత్నమ్మ భర్త నీలం సంజీవరెడ్డి. 1952 ఎన్నికలలో అనంతపురంలో నాగిరెడ్డి ఓడించింది తన బావనే. ఆ సంజీవరెడ్డి 1977లో నంద్యాల నుంచి లోక్‌సభకు ఎన్నికై, అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు.

3. ఉమ్మడి ప్రస్థానం

1964 చీలికలో ఇద్దరూ మార్క్సిస్టు పార్టీ వైపు నిలిచారు. 1968లో ఆ పార్టీ విధానాలతో విభేదించి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, కొల్లా వెంకయ్యలతో కలిసి ఆంధ్రప్రదేశ్ కమ్యూనిస్టు విప్లవకారుల సమన్వయ సంఘాన్ని నిర్మించారు. చారు మజుందార్ ప్రతిపాదించిన వ్యక్తిగత వర్గశత్రు నిర్మూలన పంథాను ఈ సంఘం అంగీకరించలేదు. 1969 ఫిబ్రవరిలో అఖిల భారత సమన్వయ సంఘం దీనితో సంబంధాలు తెంచుకొన్నది. అదే ఏడాది నాగిరెడ్డి శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు.

4. భేదానికి మూలం

1969 డిసెంబరులో నాగిరెడ్డి, వెంకటేశ్వరరావు తదితరులు మద్రాసులో అరెస్టయ్యారు. గోదావరి లోయలోని అటవీ ప్రాంత ఉద్యమ నాయకత్వం పుల్లారెడ్డి చేతికి వచ్చింది. ప్రజాసమీకరణ అవసరాన్ని కాదనకుండానే, ఒకే ప్రశ్నకు జైలు నుంచి ఒక సమాధానం, అడవి నుంచి మరొక సమాధానం వెలువడ్డాయి.

ఆ ప్రశ్న ఇది: రైతాంగం ఆయుధం పట్టవలసింది ఎప్పుడు? రైతులు భూమిని స్వాధీనం చేసుకొని, దానిని నిలుపుకోవడానికి సిద్ధపడిన దశలోనే సాయుధ పోరాటం మొదలుకావాలని నాగిరెడ్డి, వెంకటేశ్వరరావు వాదించారు. నిర్బంధం అంతకుముందే విరుచుకుపడుతున్నప్పుడు ఆ దశ కోసం వేచి ఉంటే ఉద్యమమే మిగలదని, దళాల ప్రతిఘటన తొలినుంచే అవసరమని పుల్లారెడ్డి భావించారు. మొదటి పక్షం రెండవదానిలో అతివాదాన్ని చూసింది; రెండవ పక్షం మొదటిదానిలో వాయిదా ధోరణిని చూసింది. 1946–51 తెలంగాణ పోరాటమే ఇరుపక్షాలకూ ప్రమాణం కావడం గమనార్హం. భూసమస్యతో మొదలై సాయుధ రూపం దాల్చిన క్రమం ఒకరికి ముఖ్యమైతే, నిర్బంధాన్ని తట్టుకొన్న దళ నిర్మాణం మరొకరికి ముఖ్యమైంది.

5. అనంతర పరిణామాలు

పుల్లారెడ్డి వర్గం 1975లో సత్యనారాయణ సింగ్ నాయకత్వంలోని పార్టీలో విలీనమై, 1980లో వేరుపడింది. నాగిరెడ్డి, వెంకటేశ్వరరావు 1975లో విప్లవకారుల ఐక్యతా కేంద్రాన్ని స్థాపించారు. హైదరాబాదు కుట్ర కేసులో నాగిరెడ్డి సిద్ధం చేసిన న్యాయస్థాన ప్రకటన ‘తాకట్టులో భారతదేశం’ గ్రంథంగా నిలిచింది. ఆయన 1976 జులై 28న అజ్ఞాతవాసంలోనే మరణించారు. పుల్లారెడ్డి 1984లో మరణించారు.

6. ముగింపు

ఇద్దరి లక్ష్యం ఒకటే. తేడా కాలనిర్ణయంలో ఉంది. అయితే దానిని కేవలం ఎత్తుగడల తగాదాగా భావించలేము. రైతుల సంసిద్ధతను ఎవరు, దేనితో కొలవాలి అన్న మౌలిక ప్రశ్న అందులో ఇమిడి ఉంది. ఆ కొలతలో తప్పితే మూల్యం చెల్లించేది గ్రామాలలోని, గూడేలలోని ప్రజలే. కనుక ఈ చీలికను నాయకుల వ్యక్తిగత స్పర్ధగా కాక, రైతాంగ ఉద్యమ చరిత్రలో భాగంగా అధ్యయనం చేయడం సమంజసం.