కలోంజీ: తాలింపు గింజ నుంచి జీనుల దాకా

ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన సామగ్రిలో కలోంజీ గింజలు కూడా ఉన్నాయి. టర్కీలో బయటపడిన హిట్టైట్ల కాలం నాటి పాత్రలోవి ఇంకా పాతవి. మనం నల్ల జీలకర్ర అంటాం గానీ జీలకర్రతో దీనికి చుట్టరికం లేదు. పలకలు తేలిన నల్లటి గింజ, నలిపితే ముక్కుకు ఘాటు. హైదరాబాదీ టమాటర్ కట్ తాలింపులో ఇది పడాల్సిందే.

వైద్యంలో దీని పరపతి మరీ పెద్దది. గ్రీకు వైద్యుడు డయాస్కొరిడీస్ తలనొప్పికీ పంటినొప్పికీ వాడమన్నాడు. హదీసుల్లో దీనికి దక్కిన గౌరవం ఇంకే గింజకూ దక్కలేదేమో. ఇబ్న్ సీనా వైద్య గ్రంథానికెక్కి, యునానీ హకీముల వెంట హైదరాబాదుకూ ఆ పేరు వచ్చింది. క్యాన్సర్ జీనుల ముచ్చట మాత్రం నిన్నమొన్నటిది.

గింజ బరువులో సుమారు మూడోవంతు నూనె. అందులో ఎక్కువ భాగం పొద్దుతిరుగుడు నూనెలోనూ ఉండే లినోలిక్ ఆమ్లమే. అసలు సరుకంతా కాస్తంత సుగంధ తైలంలో ఉంది. 1963లో ఈజిప్టు శాస్త్రవేత్త ఎల్-దఖాఖ్నీ దాన్నుంచి థైమోక్వినోన్ అనే పసుప్పచ్చని పదార్థాన్ని వేరుచేశాడు. వెలుతురు తగిలితే పాడయ్యే సరుకది.

మరుసటి ఏడు, దీనితో ఏ సంబంధమూ లేకుండా, ప్రాగ్ రసాయన శాస్త్రవేత్తలు అజాసిటిడిన్ తయారుచేశారు. మొదట్లో దాన్ని కణాలను చంపే విషంగానే చూశారు. 1980లో అమెరికాలో పీటర్ జోన్స్, షర్లీ టేలర్ దాని లోగుట్టు పట్టుకున్నారు. జీను అక్షరాలు మారకపోయినా వాటిమీద మిథైల్ ముద్రలు పడితే ఆ జీను మూగబోతుంది. గడ్డలను అదుపుచేసే జీనుల నోరు క్యాన్సర్ ఇలాగే నొక్కేస్తుంది. అజాసిటిడిన్ ఆ ముద్రలు మళ్లీ పడకుండా చేస్తుంది. 2004లో ఒక రకం మజ్జ జబ్బుకు అమెరికా దాన్ని మందుగా ఒప్పుకుంది. ఇదే పని చేసే పదార్థం మొక్కల్లో ఉందా అన్న వెతుకులాట కలోంజీ దాకా వచ్చింది.

2010లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ బృందం లుకేమియా కణాలకు థైమోక్వినోన్ పట్టించి చూసింది. కణం చీలినప్పుడల్లా పాత మిథైల్ ముద్రలను కొత్త డీఎన్ఏ మీదికి దింపించే ప్రోటీన్ ఒకటుంది, పేరు యూహెచ్ఆర్ఎఫ్1. క్యాన్సర్ కణాల్లో దండిగా ఉండే ఆ ప్రోటీన్ థైమోక్వినోన్ దెబ్బకు పడిపోయింది. కణాలు చచ్చాయి.

చచ్చినవి ప్రయోగశాల పళ్లెంలో పెంచిన కణాలు. మనుషుల సంగతి 2009లోనే సౌదీ అరేబియా నుంచి తెలిసింది. మందులకు లొంగని క్యాన్సర్ ఉన్న 21 మందికి థైమోక్వినోన్ ఇస్తే వాళ్లు బాగానే తట్టుకున్నారు, జబ్బు మాత్రం తగ్గలేదు. అది నీళ్లలో సరిగా కరగదు, రక్తంలోకి వెళ్లగానే ప్రోటీన్లకు అతుక్కుపోతుంది. అందుకే నానో రేణువుల్లో పెట్టి పంపే ప్రయత్నాలు జరుగుతున్నాయి. నా లెక్కలో ఇది ఇంకా మందుకు ముడిసరుకే. బజారు నూనెలో థైమోక్వినోన్ పాళ్లు సీసాకో తీరు. అయినా క్యాన్సర్‌కు విరుగుడని చెప్పి అమ్మేవాళ్లకు కొదవలేదు. ఏ జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదో చెప్పే 1954 చట్టం మన దేశంలో ఉంది. ఆ జాబితాలో క్యాన్సర్ కూడా ఉంది.