‘తగినంత’ లేని వంటపుస్తకాలు

కొన్నేళ్ళ క్రితం మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు ముదిరితే ఆసుపత్రికి తీసుకుని వెళ్ళాను. మందులతో పాటు ఒక కాగితం కూడా చేతిలో పెట్టారు. బరువు తగ్గడానికి పథ్యం. అన్నం ఒక కప్పు, కూర ఒక కప్పు, రోజు మొత్తానికి నూనె మూడు చెంచాలు, ఇలా సాగింది. అమ్మ కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, “ఏ కప్పురా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మా వంటింట్లో కాఫీ కప్పులున్నాయి, గిద్ద ఉంది, సోల ఉంది, బియ్యం డబ్బాలో ఎప్పుడూ పడి ఉండే తవ్వ ఉంది. కాగితం చెప్పిన కప్పు మాత్రం లేదు. నూనె సంగతి మరీ అన్యాయం. యాభై ఏళ్ళుగా ఆవిడ నూనెను చేతి వాటంతో కొలిచిందే తప్ప చెంచాతో కొలిచి ఎరగదు.

మన వంటపుస్తకాలలో పదార్థాల జాబితా చివర తప్పనిసరిగా కనిపించే మాట “ఉప్పు తగినంత”. ఎంత తగునో వండేవారికే తెలుసునన్న నమ్మకం ఆ మాటలో ఉంది. బరువు తగ్గేవారి కోసం రాసిన వంటపుస్తకంలో చెల్లనిది సరిగ్గా ఆ నమ్మకమే. అది ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా పోయిందా అని వెతుకుతూ నేను చదువుకున్నదే ఈ వ్యాసం.

కథ మొదలుపెట్టవలసింది లండనులో, అంత్యక్రియలు జరిపించే ఒక వ్యాపారి దగ్గర. పేరు విలియం బాంటింగ్. రాచకుటుంబపు అంత్యక్రియలు చూసిన సంస్థ ఆ కుటుంబానిది. ఐదడుగుల ఐదంగుళాల ఆ మనిషి 1862 ఆగస్టు నాటికి 202 పౌండ్లు (సుమారు 92 కిలోలు) తూగేవాడు. వంగి బూట్లు కట్టుకోలేడు, మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగాలి. చెవి సరిగా వినిపించడం లేదని విలియం హార్వీ అనే వైద్యుడి దగ్గరికి వెళితే, ఆయన చెవిని వదిలేసి భోజనం మార్చాడు. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానాలి. మాంసం, చేపలు తినవచ్చు. ఏడాది తిరిగేసరికి బాంటింగ్ 46 పౌండ్లు తగ్గాడు. ఆ సంతోషంలో 1863లో ఊబకాయం గురించి ప్రజలకు ఒక లేఖ అచ్చువేయించి, మొదట ఉచితంగానే పంచాడు. ఆయన పేరు ఇంగ్లీషులో క్రియాపదం అయింది. స్వీడిషు భాషలో ఈనాటికీ పథ్యం చేయడాన్ని ‘బాంతా’ అనే అంటారు.

ఆ లేఖలో ఔన్సులున్నాయి. పొద్దున ఇంత మాంసం, మధ్యాహ్నం ఇంత చేప, ఇన్ని గ్లాసుల ద్రాక్షసారా అని లెక్క ఉంది. (ద్రాక్షసారా విషయంలో ఆయన ఏమీ పిసినారితనం చూపలేదు.) లేనిదల్లా వంట. ఏది ఎలా వండాలో చెప్పడం ఆయన పని కాదు, తినడం ఆయన పని. ఇది ఆ కాలపు ముచ్చటేమీ కాదు. 2017-18 ప్రాంతంలో, పిండిపదార్థాలు బాగా తగ్గించమనే వీరమాచినేని రామకృష్ణ గారి పథ్యం తెలుగునాట ఇంటింటి మాట అయినప్పుడు మా బంధువుల ఇళ్ళలో చూశాను. నియమాలు వీడియోల్లో వినిపించేవి. కాలీఫ్లవరును అన్నంలా తురిమి పోపు పెట్టే ఉపాయాలు మాత్రం పిన్నిలు, వదినలు ఫోనులో ఒకరికొకరు చెప్పుకునేవారు.

ఇక 1896. నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ కీలకమైన సంవత్సరం అదే. ఆ ఏడు అమెరికాలో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి విల్బర్ ఆట్‌వాటర్ తన సహచరుడితో కలిసి వ్యవసాయశాఖ తరఫున ప్రచురించిన ఆహార పదార్థాల రసాయనిక పట్టిక. ఈ ఆట్‌వాటరే కనెక్టికట్ రాష్ట్రంలోని మిడిల్‌టౌనులో ఒక చిన్న గదిలాంటి యంత్రం కట్టించి, అందులో మనుషులను రోజుల తరబడి ఉంచి, వారు పీల్చి వదిలే గాలినీ ఒంటి వేడినీ కొలిపించాడు. పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకు నాలుగు కేలరీలు, కొవ్వు గ్రాముకు తొమ్మిది అని నేటికీ పొట్లాల మీద మనం చదివే లెక్కకు మూలపురుషుడు ఆయనే.

రెండవది బోస్టను వంట పాఠశాల అధ్యక్షురాలు ఫానీ ఫార్మర్ రాసిన వంటపుస్తకం. ప్రచురణకర్తలకు దాని మీద ఎంత నమ్మకమంటే, మొదటి మూడువేల ప్రతుల అచ్చు ఖర్చు ఆవిడ చేతే పెట్టించారు! ఆవిడ పట్టుదల ఒక్కటే: చెంచా అంటే గోపురంలా పోసిన చెంచా కాదు, కత్తి అంచుతో పైభాగాన్ని చదునుగా గీసిన చెంచా. కప్పు అంటే కొలత గీతలున్న కప్పు. అంతకు ముందు ఇంగ్లీషు వంటపుస్తకాలలో ‘గుడ్డంత వెన్న’ వంటి కొలతలు సర్వసాధారణం, మన ‘నిమ్మకాయంత చింతపండు’ లాగానే. ఫార్మర్ ఉద్దేశం బరువు తగ్గించడం కాదు, ఎవరు వండినా ఒకే రుచి రావాలని. కానీ ఆలోచించండి. ఆట్‌వాటర్ పట్టిక ఎంత గొప్పదైనా, గోపురం చెంచా వాడే వంటింట్లో దానికి విలువ సున్న. చెంచాను చదును చేసినవారు లేకపోతే కేలరీ ప్రయోగశాల గడప దాటేదే కాదు.

దాటించింది డాక్టర్ లూలూ హంట్ పీటర్స్. కాలిఫోర్నియాలో 1909లో వైద్యపట్టా పుచ్చుకున్న స్త్రీ. ఒకప్పుడు 220 పౌండ్లు తూగి, 70 పౌండ్లు తగ్గించుకున్నానని తానే చెప్పుకుంది. 1918లో వచ్చిన ఆవిడ పుస్తకం ఆహారానికీ ఆరోగ్యానికీ కేలరీలే తాళంచెవి అంటుంది. అప్పటికి ఆ మాట జనానికి ఎంత కొత్తదంటే, ఎలా పలకాలో కూడా నేర్పవలసి వచ్చింది. ఇకమీదట ఒక ముక్క రొట్టె అని కాక నూరు కేలరీల రొట్టె అనుకోండి అని ఆవిడ బోధ. బొమ్మలు గీసింది పదేళ్ళ మేనల్లుడు. రచన అంతా వేళాకోళమే, లావుగా ఉన్నవారిని నవ్విస్తూ నవ్వుతూ సాగుతుంది. 1924, 1925 సంవత్సరాలలో అమెరికాలో కథేతర పుస్తకాలలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయినది అదే.

నన్ను ఆపింది ఆ వేళాకోళం కింద ఉన్న విషయం. పుస్తకం వచ్చింది మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా. అంకితం నాటి ఆహార పాలనాధికారి హెర్బర్ట్ హూవరుకు. యుద్ధంలో గోధుమలు, చక్కెర దాచుకోవడం నేరమైతే, ఒంటి మీద కొవ్వు దాచుకోవడమూ అలాంటిదే కదా అని ఆవిడ వాదం. అంతవరకు లావుగా ఉండటం ఆ మనిషి ఇబ్బంది, ఇప్పుడు అది పొరుగువారికి చేసిన అపకారం అయింది. కొలత వంటింట్లోకి వచ్చేటప్పుడు అపరాధభావాన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. యుద్ధం ముగిశాక అది వెళ్ళిపోయిందా అంటే, లేదు.

అప్పటికీ అది వంటపుస్తకం కాదు. పట్టికలున్నాయి, వంటకాలు మన ఊహకు. వంటింటి నుంచి జవాబు రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. 1961లో న్యూయార్కు క్వీన్స్ ప్రాంతంలో జీన్ నైడెచ్ అనే గృహిణిని తెలిసినావిడ ఒకరు సూపర్‌మార్కెటులో పలకరించి, కాన్పు ఎప్పుడు అని అడిగింది. జీన్ గర్భవతి కాదు. 214 పౌండ్ల బరువు, బస్సు డ్రైవరు భార్య. నగర ఆరోగ్యశాఖ వారి క్లినిక్కుకు వెళితే డాక్టర్ నార్మన్ జాలిఫ్ రూపొందించిన పథ్యం ఇచ్చారు. పథ్యం చేస్తూనే బిస్కట్లు దాచుకుని తినేది. ఆ మాట క్లినిక్కులో చెప్పుకోలేక, ఆరుగురు స్నేహితురాళ్ళను ఇంటికి పిలిచి వారితో చెప్పుకుంది. వారూ చెప్పుకున్నారు. 1962 చివరకు 142 పౌండ్లకు వచ్చింది, 1963 మేలో ఒక సినిమాహాలు పై అంతస్తులో వెయిట్ వాచర్స్ మొదటి సభ జరిగింది. 1966లో వంటపుస్తకం వచ్చింది.

ఆ పథ్యంలో వారానికి ఐదుసార్లు చేప, ఒకసారి కాలేయం తినడం విధి. అమెరికా మధ్యతరగతి ఇంట్లో, పిల్లలు ముక్కు మూసుకునే చోట, వారానికి ఐదుసార్లు చేప ఎలా వండాలి? అందరికీ అందుబాటులో ఉన్నది డబ్బా చేప. 1974లో ఆ సంస్థ విడుదల చేసిన వంట కార్డులలో కానాగంత చేపతో చేసిన ‘మెత్తని పుడ్డింగు’ ఒకటుంది. వెండీ మెక్లూర్ అనే రచయిత్రి తల్లిదండ్రుల ఇంట్లో ఆ కార్డులు చూసి, వాటి రంగుల బొమ్మలకు వ్యాఖ్యానాలు రాసి, 2006లో పుస్తకంగా తెచ్చింది. నవ్వు ఆపుకోవడం కష్టం. నేనూ నవ్వాను. తరువాత మాత్రం కొంచెం సిగ్గనిపించింది. చేపను పుడ్డింగు చేసినావిడకు వంట రాక కాదు. చేతికిచ్చిన కాగితం మీద ఉన్నవాటితోనే ఇంటిల్లిపాదికీ పండగలా కనిపించేది ఏదో ఒకటి చేసి పెట్టాలని ఆవిడ పడిన తాపత్రయం అది.

తరువాతి భాగం వ్యాపారం. 1978లో హైంజ్ సంస్థ వెయిట్ వాచర్స్‌ను కొన్నది. 1997లో అమెరికాలో కేలరీ లెక్క కూడా పోయి పాయింట్లు వచ్చాయి, వంటకం పేరు పక్కన ఒక అంకె, అంతే. 2018లో పేరు కుదించుకుని రెండక్షరాలైంది. ఆకలినే తగ్గించే ఇంజెక్షన్ల కాలం వచ్చాక, వాటిని రాసిచ్చే ఒక సంస్థను 2023లో తానే కొన్నది. 2025 మేలో అప్పుల భారంతో దివాలా రక్షణ కోరి కోర్టుకెక్కింది. జీన్ నైడెచ్ అవేవీ చూడలేదు, 2015లోనే తన తొంభై ఒకటవ ఏట కన్నుమూసింది.

అమ్మ కాగితం సంగతి చెప్పి ముగిస్తాను. తరువాతి నెల ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఏ కప్పో అడిగాను. బల్ల మీద ఉన్న తమ టీ కప్పు చూపించారు. ఇంటికి వచ్చి చెబితే అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు చూస్తే వంటింట్లో స్టీలు గ్లాసు ఒకటి వేరుగా బోర్లించి ఉంది, లోపల మేకుతో గీసిన గీత. అన్నానికి ఆ గీత. నూనెకు మాత్రం పొద్దున్నే గిద్దలో అడుగున కాస్త పోసి పొయ్యి పక్కన పెట్టుకుంటోంది. అది అయిపోతే ఆ రోజుకు పోపు లేనట్టే. ఎంత పోస్తున్నావమ్మా అని అడిగితే, “తగినంతే” అంది.