విచారణలోని నేర కేసులు – సినిమాలకు పోలీసు సహకారం (కోలారు ప్రాంతం)

ఒక నేరం కేసు కోర్టులో నడుస్తుండగా అదే ఉదంతంపై సినిమా తీసేవారికి పోలీసులు ఇచ్చే అనుమతులు, బందోబస్తు, సమాచారం ఈ వ్యాస విషయం. బందోబస్తు పాలనాపరమైన పని. దర్యాప్తు సమాచారం మాత్రం నిందితుడి హక్కులతో ముడిపడినది.

నేపథ్యం

కర్ణాటకలోని కోలారు జిల్లా ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉంది. ఇక్కడ కన్నడంతో పాటు తెలుగు, తమిళం వినిపిస్తాయి. బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. గనుల పట్టణమైన కె.జి.ఎఫ్. (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) సొంత ఎస్పీ ఉన్న ప్రత్యేక పోలీసు జిల్లా. ఇక్కడి సైనైడ్ దిబ్బలు ‘కె.జి.ఎఫ్.’ చిత్రంతో దేశమంతటికీ తెలిశాయి. స్థానిక రౌడీ తంగం జీవితాన్నే అందులో వాడుకున్నారన్న ఫిర్యాదు 2018 డిసెంబరులో, విడుదలకు ముందు, బెంగళూరు సివిల్ కోర్టుకు వెళ్లింది. అప్పటికే తంగం పోలీసు ఎన్‌కౌంటర్‌లో మరణించాడు. కథ కల్పితమని నిర్మాతలు చెప్పారు. పక్కనే ఉన్న హోసకోటె ప్రాంతపు దండుపాళ్య ముఠాపై 2012లో కన్నడ చిత్రం వచ్చింది. అది ‘దండుపాళ్యం’గా తెలుగులోకీ వచ్చింది.

చట్టం

కోర్టు ధిక్కార చట్టం (1971) ప్రకారం నేర కేసు చార్జిషీటు దాఖలుతో గానీ, సమన్లు లేదా వారెంటు జారీతో గానీ పెండింగులోకి వస్తుంది. అప్పీలు తేలేవరకూ అలాగే ఉంటుంది. సినిమాటోగ్రాఫ్ చట్టం (1952) 5బి సెక్షను కోర్టు ధిక్కారానికి దారితీసే చిత్రానికి సర్టిఫికెట్ ఇవ్వకూడదంటుంది. కేసు డైరీని చూపమని అడిగే హక్కు సాధారణంగా నిందితుడికే లేదు. అలాంటప్పుడు దానిని దర్శకుడి ముందుంచడం న్యాయం కాదు. పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితుడిపై రుజువుగా వాడకూడదని సాక్ష్య చట్టం 25వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టమూ అదే చెబుతోంది. కోర్టు చెల్లదన్న ఆ మాటే తెరమీద తిరుగులేని నిజమైపోతుంది. నిందితుడి ముఖాన్ని ముందే జనానికి చూపిస్తే గుర్తింపు పరేడ్‌కు విలువ పోతుంది.

ముఖ్య ఉదాహరణలు

1993 ముంబయి పేలుళ్లపై తీసిన ‘బ్లాక్ ఫ్రైడే’ విడుదలను నిందితుల పిటిషన్‌పై బాంబే హైకోర్టు ఆపింది. చిత్రం 2007 ఫిబ్రవరిలో గానీ విడుదల కాలేదు. మిర్యాలగూడలో 2018లో జరిగిన హత్య ఆధారంగా రామ్‌గోపాల్ వర్మ తీసిన ‘మర్డర్’ను 2020లో నల్లగొండ కోర్టు ఆపింది. తర్వాత తెలంగాణ హైకోర్టు విడుదలకు దారిచ్చింది. ఆ హత్య కేసులో తీర్పు 2025 మార్చిలో వచ్చింది. కేసుల వివరాలను పోలీసులు మీడియాకు ఎలా చెప్పాలో మార్గదర్శకాలు రూపొందించాలని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించింది.

అంచనా

నేరాల గురించి సినిమా తీసే స్వేచ్ఛ ఉండాలి. తీర్పు ప్రతులు, బహిరంగ కోర్టు రికార్డులు అందరికీ అందుబాటులో ఉండేవే. వాటితో కథ అల్లుకోవచ్చు. పోలీసులు షూటింగుకు రక్షణ కల్పించవచ్చు. దర్యాప్తు ఫైలును మాత్రం తుది తీర్పు వచ్చేదాకా బయటపెట్టకూడదు. దోషి ఎవరో తేల్చే అధికారం న్యాయస్థానానిదే.