ఇండోనేసియా సెలవు దినముల పట్టిక: ఒక చారిత్రక పరిశీలనము

శాసనములు, నాణెములు, దస్తావేజులు చరిత్రకు ఆధారములని అందఱు నెఱిగినదే. ప్రభుత్వము ఏటేట ప్రకటించు సెలవు దినముల పట్టికయు అట్టి ఆధారమే యని మా యభిప్రాయము. ఏ దినమున దేశమంతయు పని మానవలెనో నిర్ణయించుట యనగా, ఎవరి పండుగను రాజ్యము తనదిగా నంగీకరించినదో తెలుపుటయే. ఈ దృష్టితో ఇండోనేసియా పట్టికను పరిశీలింతము.

ఆ దేశ జనాభాలో నూటికి సుమారు 87 మంది ముస్లిములు. హిందువులు ఇద్దఱికంటె తక్కువ. అయినను ఈద్ పండుగలతోపాటు క్రిస్మసు, బుద్ధజయంతియైన వేసాక్, బాలి హిందువుల న్యెపి, చైనీయుల సంవత్సరాది యను నివి యన్నియు దేశమంతటికిని సెలవులే. దీనికి మూలము స్వాతంత్ర్యారంభమున నున్నది. 1945 ఆగస్టు 17వ తేదీ, రంజాన్ మాసమున నొక శుక్రవారమునాడు, సుకర్ణో, హట్టాలు స్వాతంత్ర్యమును ప్రకటించిరి. మఱునాడు రాజ్యాంగమును ఆమోదించునపుడు, ముస్లిములు షరియతును పాటింపవలెనను నియమమును పీఠికనుండి తొలగించి, ఏకేశ్వర విశ్వాసమును మాత్రము ఏ మతము పేరును చెప్పక నిలిపిరి. జాతీయోత్సవము సైతము హిజ్రీ తిథి ననుసరింపక ఆగస్టు 17ననే స్థిరపడినది.

మతోత్సవముల కాలగణనము ఇంతకంటె ప్రాచీనమైనది. 1633లో జావాలోని మాతరాం ప్రభువు సుల్తాన్ అగుంగ్ హిజ్రీ చాంద్రమాసములను గైకొనియు, శకవర్ష సంఖ్యయైన 1555ను తెంపక కొనసాగించెను. ఇస్లామును స్వీకరించిన జావా శకాంకమును విడువలేదన్నమాట. బాలిలో శకగణనము హిందూ ఆచారముతోనే నిలిచినది. న్యెపి ఆ శకవర్షమునకు ఆది దినము. ఆనాడు బాలిలో నిప్పు రాజేయరు, పని చేయరు, ప్రయాణము చేయరు, వినోదములకు పోరు. విమానాశ్రయము సైతము మూయబడును. శాలివాహన శకమును పంచాంగములలో వాడుకొను మనకిది పరిచితమైన లెక్కయే. 2023లో ఉగాదియు న్యెపియు మార్చి 22ననే వచ్చినవి. అధికమాస గణనలోని భేదమువలన 2024లో న్యెపి మార్చి 11న, ఉగాది ఏప్రిల్ 9న వచ్చినవి. న్యెపి, వేసాకులను జాతీయ సెలవులుగ చేర్చినది 1983 నాటి అధ్యక్షాజ్ఞ.

ఇంతవఱకు చూచినవారికి ఈ పట్టిక క్రమముగ విస్తరించిన ఔదార్యముగ తోచవచ్చును. చైనీయుల సంవత్సరాది కథ ఆ భావమును సవరించుచున్నది. 1946 నాటి ప్రభుత్వ నిర్ణయమున చైనీయులకు సంవత్సరాది, కన్ఫ్యూషియసు జనన మరణ దినములు మొదలైన నాలుగు పర్వములు పేర్కొనబడినవి. 1967లో సుహార్తో ప్రభుత్వము చైనీయుల మతాచారములను బహిరంగముగ జరుపరాదని యాజ్ఞాపించెను. నాటినుండి ముప్పదియేండ్లకు పైగా ఆ పండుగ ఇంటి తలుపుల లోపలనే జరిగినది. 2000లో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఆ యాజ్ఞను రద్దుచేసెను. ఆయన నహ్దతుల్ ఉలమా యను గొప్ప ముస్లిం సంస్థకు నాయకుడై యుండినవాడు. 2002లో మేఘావతి ప్రభుత్వము ఆ పండుగను జాతీయ సెలవుగ నిర్ణయింపగా, 2003నుండి అమలయ్యెను. కావున ఒకనాడు లభించిన గుర్తింపు మఱియొకనాడు పోవచ్చును, పోయినది తిరిగి రావచ్చును.

సెలవు నిచ్చుటతోనే వివాదము ముగియదు. పేరునకును విలువ కలదు. క్రైస్తవ సెలవులలో క్రీస్తును చిరకాలము ముస్లిముల వాడుక ననుసరించి 'ఈసా అల్ మసీహ్' అని వ్రాసిరి. 2024లో ఆ స్థానమున క్రైస్తవులు స్వయముగ పలుకు 'యేసుస్ క్రిస్తుస్' అను రూపమును చేర్చిరి.

ఈ పట్టికకు హద్దులును కలవు. 210 దినముల కొకసారి వచ్చు గలుంగాన్ బాలిలో గొప్ప పండుగయే కాని జాతీయ సెలవు కాదు. ద్వీపములలోని ప్రాచీన స్థానిక విశ్వాసములవారు తమ విశ్వాసమును గుర్తింపు పత్రమున వ్రాయించుకొను హక్కును 2017లో రాజ్యాంగ న్యాయస్థానము తీర్పువలన పొందిరి. వారి పర్వమొక్కటియు పట్టికలో చేరలేదు.

అందుచే ఇట్టి పట్టికలను పరిశోధించువారు, అందున్న పండుగలను లెక్కించుటతో తృప్తిపడరాదు. ప్రతి దినము ఎప్పుడు చేరినదో, ఎవరి యాజ్ఞచే చేరినదో, చేరకముందు ఆ ప్రజలు తమ పండుగ నెట్లు జరుపుకొనిరో విచారింపవలెను. సహనము ఒక జాతికి సహజగుణమని చెప్పుట సులభము. అది యే యే సంవత్సరములలో ఎట్లు సాధింపబడినదో చూపుటయే చరిత్రకారుని పని.