ఆనకట్టలు - చేపల లెక్క

ఆనకట్ట చేపలకు క్షేమకరమా యను ప్రశ్న కొలంబియా నదీతీరమున పుట్టినంత తీవ్రముగ మఱి యెచ్చటను పుట్టలేదనవచ్చును. ఈ నది కెనడాలో పుట్టి, అమెరికా వాయవ్యభాగమున పసిఫిక్ సముద్రమును చేరును. ఇందలి సాల్మన్ చేపలు కొండవాగులలో పుట్టి, పిల్లలుగా సముద్రమునకు దిగి, కొన్నియేండ్లకు జన్మస్థానమునకే ఎదురీదివచ్చి గ్రుడ్లు పెట్టి మరణించును. కావున నదికడ్డముగ లేచిన ప్రతి కట్టయు వానికి రెండు పరీక్షలు పెట్టును. ఎక్కుట యొకటి, దిగుట రెండవది.

ఎక్కుటకు దారి ముందు దొరకెను. 1938లో పూర్తియైన బానవిల్ ఆనకట్టకు మెట్లవరుసగ నీటితొట్లు కట్టిరి. చేపలు తొట్టినుండి తొట్టికి దుమికి పైకేగును. వానిని లెక్కించుట నాటినుండియే మొదలయ్యెను. కాని ఎగువన 1942లో ముగిసిన గ్రాండ్ కూలీ కట్టకు మెట్లు లేవు. దాని జలాశయమున మునుగనున్న కెటిల్ జలపాతమునొద్ద 1940లో ఆదివాసులు చేరి, తరతరములుగ తమ్ము పోషించిన చేపలకు కన్నీటి వీడ్కోలు పలికిరి.

దిగుట నీటిలోపల జరుగును గనుక కంటబడదు. టర్బైన్ రెక్కలు చేపపిల్లలను కొట్టవచ్చును. ఒత్తిడి హఠాత్తుగ తగ్గి వాని గాలితిత్తి పగులవచ్చును. బ్రదికి బయటపడినవియు తూలుచుండగా పక్షులకు, పెద్దచేపలకు ఎరయగును. పొర్లుకట్టమీదుగ వదలిన నీటిలో గాలి మితిమీరి కలిసి చేపల నెత్తుట బుడగలు కట్టుటయు గలదు. వీనిని కొలుచుటకు 1980వ దశకమునుండి బియ్యపుగింజంత గుర్తుబిళ్ళను పిల్లచేప కడుపులో నుంచి, కట్టకట్టకు దాని రాకను నమోదు చేయుచున్నారు. చేపకు మారుగ ఒక పరికరమునే టర్బైన్‌లోనికి పంపి, ఒత్తిడిని తాకిడిని కొలుచుటయు నేర్చిరి.

ఇట్టి కొలతల ననుసరించి 2008లో ప్రభుత్వము, కట్టను దాటునపుడు వసంతమున దిగు పిల్లలలో నూటికి 96, వేసవిలో దిగువానిలో 93 బ్రదుకవలెనని లక్ష్యము నిర్ణయించెను. వినుటకిది మేలే. అయితే స్నేక్ ఉపనదినుండి సముద్రమునకు దారిలో ఎనిమిది కట్టలున్నవి. ప్రతి కట్టయు లక్ష్యమును చేరినను తుదకు మిగులునవి వసంతమున నూటికి 72, వేసవిలో 56 మాత్రమే. కట్టలనడుమ నిలిచిన నీటిలో చచ్చునవి ఈ లెక్కలో చేరనేలేదు. ఆ దారిని నమ్ముకొన్న సాకై సాల్మన్‌ను 1991లో అంతరింపనున్న జాతిగ ప్రకటించిరి. 1992లో రెడ్‌ఫిష్ సరస్సునకు తిరిగివచ్చినది ఒక్కటే చేప!

విద్యుత్తు వలదని మేమనుట లేదు. దీపము వెలుగుటయు ధర్మమే. గోదావరికి ఎదురీదివచ్చు పులసను ప్రీతితో భుజించు మనకును ఈ విచారము పరాయిది గాదు. ఒక్కొక్క గోడకు మంచి మార్కులు వేసి, నదికి మార్కు వేయుట మఱచినచో ఆ పరీక్ష పరీక్షయే కాదు. ఎచ్చట మొదలిడి ఎచ్చట ముగించిన లెక్కయో చెప్పని శాతమును మనము నమ్మరాదు.